గడప తెలిసిన పొడి

మా కోడలు తాళాల ఆయనకి లెక్కల మాస్టారి పంట్లాం ఇచ్చిన రోజు దగ్గర మొదలుపెట్టి చెప్పాలి. లేకపోతే ఈ పొడి సంగతి ఎవరికీ అర్థం కాదు.

మాది బట్టలు ఉతికి ఇస్త్రీ చేసి ఇచ్చే కొట్టు. వెనక గదిలో నీళ్ళ తొట్లు, ఉతికే యంత్రాలు, ఆవిరి గొట్టాలు. అదంతా మా అబ్బాయి రాజ్యం. ముందు గదిలో పొడుగాటి బల్ల, గోడ పొడుగునా చెక్క అరలు. అది కోడలి రాజ్యం. రెండు గదులకీ మధ్య తలుపు పక్కన కుర్చీ ఒకటి ఉంటుంది, అది నాది. ఊడిన గుండీలు కుట్టడం, వచ్చినవాళ్ళతో కబుర్లు చెప్పడం నా పని. రెండో పనికే ఎక్కువ పొద్దు పోతుందని మా అబ్బాయి అంటాడు. అననీ. కొట్టు పైనే ఇల్లు. మెట్ల కింద ఒక గడప ఉంటుంది, దాటితే ఇల్లు, ఇటు వస్తే కొట్టు. ఈ గడపని గుర్తుపెట్టుకోండి, దీనితో పని ఉంది.

వేరే కొట్లలో కాలరు లోపల సిరా చుక్క పెడతారు, అంకె రాసిన గుడ్డ పీలిక కడతారు. మా కొట్లో అలాంటివి లేవు. మా ఆయన ఒప్పుకునేవాడు కాదు. "మనిషిని మొహం చూసి పలకరిస్తామా, మెడలో బిళ్ళ చూసి పలకరిస్తామా?" అనేవాడు. బట్టలు కూడా అంతే అని ఆయన లెక్క. ఆయన తర్వాత నేను బల్ల దగ్గర కూర్చున్నాను. నాకు మరపు అనేది లేదు, అదొక జబ్బు నాకు. మా ఆయన మేనమామ పెళ్ళి చూపులకి వేసుకెళ్ళిన కోటుకి ఎడమవైపు రెండో గుండీ వేరే రంగుదని ఇప్పటికీ చెప్పగలను. ఆ పెళ్ళి కుదరలేదు, గుండీ వల్ల కాదులెండి.

నా కళ్ళకి పొరలు వచ్చి నీలమూ నలుపూ ఒకటైపోయాక కోడలు కూర్చుంది. వచ్చిన కొత్తలోనే నన్ను మించిపోయింది. చొక్కా చేతిలోకి తీసుకుని, కాలరు తిప్పి చూసి, ఒకసారి వాసన చూసి మనిషిని చెప్పేసేది. తాళాల ఆయన చొక్కాలకి ఇనప రజను వాసన, ఎడమ చేతి అంచున నూనె చుక్క. లెక్కల మాస్టారు ఉద్యోగం మానేసి ఎంతో కాలమైనా వరండాలో పిల్లలకి లెక్కలు చెబుతాడు కాబట్టి కుడి చేతి అంచు ఎప్పుడూ సుద్దతో తెల్లగా ఉంటుంది. ఉతికాక ఇవన్నీ పోతాయి కదా అంటారేమో. పోతాయి. అయినా చెప్పేది. అరిగిన చోటు పోదు అత్తయ్యా, మనిషి ఎక్కడ అరుగుతాడో బట్ట కూడా అక్కడే అరుగుతుంది అనేది.

అలాంటి పిల్లకి రొమ్ములో క్యాన్సర్ అని తేలింది. కోసి తీసేశారు. తర్వాత కీమో మొదలుపెట్టారు. జుట్టు ఊడుతుందని చెప్పారు, వాంతులు అవుతాయని చెప్పారు. మతిమరుపు వస్తుందని చెప్పారో లేదో మాకు తెలియదు. జుట్టు అన్న మాట దగ్గరే మా చెవులు మూసుకుపోయాయి.

ముందు చిన్నచిన్నవే. పాలు పొయ్యి మీద పెట్టి మర్చిపోవడం, మొదలుపెట్టిన మాట మధ్యలో ఆగిపోవడం. ఎలా ఉంటుందే అని అడిగాను ఒకరోజు, ఊరికే ఉండలేక. మరపు ఎలా ఉంటుందో నాకు తెలియదు కదా. "స్నానాల గది అద్దం మీద ఆవిరి పట్టినట్టు ఉంటుంది అత్తయ్యా. తుడుచుకుంటే కనిపిస్తుంది. ఇటు తిరిగి అటు చూసేలోపు మళ్ళీ పట్టేస్తుంది," అంది.

ఇక పంట్లాం రోజు. తాళాల ఆయన పొట్టిగా గుండ్రంగా ఉంటాడు, లెక్కల మాస్టారు నిచ్చెనలా ఉంటాడు. తాళాల ఆయన ఆ పంట్లాం భుజాన వేసుకుని వచ్చి కొట్టు నిండా జనం ఉండగా, "వదినా, ఇది నా నడుం దగ్గర మొదలైంది బానే ఉంది, ఎక్కడ అయిపోతుందో తెలియక వెతుక్కుంటూ ఇక్కడికి వచ్చాను," అన్నాడు. అందరూ నవ్వారు. కోడలూ నవ్వింది. మార్చి ఇచ్చింది. తర్వాత ఆరేసిన దుప్పట్ల వెనక్కి వెళ్ళింది. దుప్పట్ల కింద నుంచి దాని పాదాలు కనిపిస్తున్నాయి. చాలాసేపు ఆ పాదాలు కదల్లేదు.

ఆ సాయంత్రం మెట్ల మీద కూర్చుని నాతో చెప్పింది. జుట్టు పోయింది, నాలిక మీద రుచి పోయింది, సరే పోనీ అనుకున్నాను, ఈ ఒక్కటైనా నాకు మిగిలింది అనుకున్నాను, ఇదీ పోతోంది అంది. "ఇంకొక్కసారి ఒకరి బట్ట ఇంకొకరికి ఇచ్చానంటే ఇక బల్ల దగ్గర కూర్చోను అత్తయ్యా. మీ అబ్బాయిని ఎవరినైనా పెట్టుకోమనండి." మా అబ్బాయికి తన చొక్కాయే తెలియదు, వాడు ఎవరిని వెతికి పెడతాడు? అయినా సమస్య కొట్టుది కాదు. బల్ల దగ్గర నుంచి లేస్తే ఆ పిల్ల మంచం మీదకే వెళుతుంది, అక్కడి నుంచి ఇక లేవదని నాకు భయం పట్టుకుంది.

అదిగో, అప్పుడు వచ్చింది మా చెల్లెలు, పొడి డబ్బాతో.

మా చెల్లెలి సంగతి చెప్పాలంటే, దానికి నమ్మకం ఎక్కువ. దాని బీరువాలో మోకాలికో నూనె, మోచేతికో నూనె, రెండిటికీ కలిపి ఇంకో నూనె ఉంటాయి. ఈ పొడి మూలికల దుకాణంలో దొరుకుతుందట, జ్ఞాపకం తిరిగి వస్తుందట. దాని పక్కింటి దర్జీ వాళ్ళమ్మ వాడితే, చిన్నప్పుడు చదువు చెప్పిన టీచరమ్మ కుక్క రంగు కూడా గుర్తొచ్చిందట. ఆ కుక్క రంగు గుర్తొచ్చి ఆవిడకి ఒరిగింది ఏమిటో మాత్రం చెప్పలేదు.

డబ్బా మీద మనిషి తల బొమ్మ, అందులోంచి ఆకులు మొలిచి ఉన్నాయి. పక్కన చిన్న అక్షరాల్లో మేలైన మూలికలు, ఇతర ఆకులు అని ఉంది. మూలికలు సరే, ఇతర ఆకులు అంటే ఏవి అని అడిగాను. ఆకులంటే ఆకులే, నీకు ప్రతిదీ కావాలి అంది చెల్లెలు. చిటికెడు నాలిక మీద వేసుకుని చూశాను. ముందు చేదు, తర్వాత తుప్పు పట్టిన గరిటె నాకినట్టు ఒక రుచి. చెల్లెలు నా చెయ్యి పట్టుకుంది. "నువ్వు తినకు అక్కా. నీకు ఇంకా గుర్తొస్తే మేము భరించలేం," అంది.

ఇంకో మాట కూడా చెప్పింది. ఆసుపత్రిలో చెప్పొద్దని. వాళ్ళ బీరువాలోంచి రానిది ఏదైనా వాళ్ళకి గిట్టదు, చెబితే మానేయమంటారు అని. ప్రతిసారీ మందు ఎక్కించే ముందు అక్కడ అడుగుతారు, వేరే ఏమైనా వాడుతున్నారా అని. కోడలు తల అడ్డంగా ఊపేది. ఆకు పొడే కదా, మందు కాదు కదా అని తనకి తాను సర్దిచెప్పుకుంది. నాకు మనసులో గుచ్చుకుంది. కానీ వారం తిరిగేసరికి నేనూ నోరెత్తలేని పని ఒకటి జరిగింది. ఆ పొడి పనిచేసింది.

నిజంగానే. ఒక్క తప్పు రాలేదు. వచ్చినవాళ్ళు పొట్లాలు తీసుకుని వెళ్ళిపోతున్నారు, ఎవరూ తిరిగి రావడం లేదు. కోడలు నిటారుగా కూర్చోవడం మొదలుపెట్టింది. తలకి కట్టుకున్న గుడ్డ రోజుకో రంగుది మారుస్తోంది. పొట్లాలకి దారం కడుతూ కూనిరాగాలు తీస్తోంది. చెల్లెలు వచ్చినప్పుడల్లా, నవ్విన నాపచేనే పండుతుంది అని నన్ను చూసి అని, ఇంకో డబ్బా పెట్టి వెళుతోంది.

అక్కడితో ఊరుకుంటే నేను నేను కాదు. నాకు ఒక విషయం అంతుబట్టలేదు. కొట్లో ఇంత చురుగ్గా ఉన్న పిల్ల ఇంట్లో ఎప్పటిలాగే ఉంది. కుళాయి కట్టేయడం మర్చిపోతోంది. టీలో ఉప్పు వేస్తోంది. ఒకే ప్రశ్న పొద్దున్న అడిగి, మధ్యాహ్నం అడిగి, సాయంత్రం నేనే ముందుగా జవాబు చెబితే, మీకెలా తెలుసు అడగబోతున్నానని అంటోంది. పొద్దున్నే ఇంట్లో వేడినీళ్ళతో పొడి మింగుతుంది, మెట్లు దిగి గడప దాటగానే అది పనిచేస్తుంది, సాయంత్రం గడప ఎక్కగానే పనిచేయడం మానేస్తుంది. ఇదేం పొడి? దీనికి గడప ఇవతల ఏదో అవతల ఏదో ఎలా తెలుసు?

నేను రకరకాలుగా ఆలోచించాను. కొట్లో సబ్బు వాసన ఉంటుంది, ఆ వాసనకి బుర్ర మేలుకుంటుందేమో అనుకున్నాను. ఒక బట్టల సబ్బు తెచ్చి వంటింట్లో పొయ్యి పక్కన పెట్టాను. ఆ రోజు టీలో ఉప్పు రెండింతలు పడింది. నిలబడి పనిచేస్తే రక్తం బుర్రకి ఎక్కుతుందేమో అనుకుని ఇంట్లో కుర్చీలు తీసేసి గోడకి ఆనించాను. మా అబ్బాయి పళ్ళెం పట్టుకుని నిలబడి తింటూ, అమ్మా ఇల్లు ఖాళీ చేస్తున్నామా అని అడిగాడు. ఆఖరికి వాడి చొక్కానే ఒకటి మడత పెట్టి తెచ్చి, ఇది ఎవరిదే అని కోడల్ని అడిగాను, గడప లోపల, వంటింట్లో. అది కాలరు తిప్పింది, వాసన చూసింది. ధీమాగా, లెక్కల మాస్టారిది అంది. మొగుడి చొక్కా. పక్కనే వాడు ఉన్నాడు. తలొంచుకుని తిన్నాడు.

ఇలా నేను పొడి గుట్టు పట్టుకోవాలని తిరుగుతూ ఉండగా, ఒకరోజు రొట్టెల కోసం ఎదురుగా ఉన్న బట్టీకి వెళ్ళాను. బట్టీ నడిపేది ఒకావిడ. మాట కరకు, రొట్టె మెత్తన. మా కొట్టు ముందు గదిలో నుంచి చూస్తే కోడలికి బట్టీ ముందు తలుపు వరకే కనిపిస్తుంది. ఆ రోజు బట్టీ ముందు గదిలో ఎవరూ లేకపోతే నేను లోపలికి, పిండి కలిపే గదిలోకి వెళ్ళాను.

పిండి బల్ల మీద బట్టలు పరిచి ఉన్నాయి. మేము కట్టిన పొట్లాల కాగితాలు, మా దారాలు. బల్లకి ఒక వైపు తాళాల ఆయన, ఒక వైపు లెక్కల మాస్టారు, ఇంకా ఇద్దరు ముగ్గురు. తాళాల ఆయన ఒక చొక్కా ఎత్తి పట్టుకుని ఇది ఎవరి భుజాలు అని అడుగుతున్నాడు. నన్ను చూసి అందరూ తేలు కుట్టిన దొంగల్లా నిలబడిపోయారు.

"అడగండి పెద్దమ్మా, మీరే అడగండి. నా పిండి బల్లని బట్టల బజారు చేశారు," అంది రొట్టెలావిడ.

సంగతి ఇది. ఆ పంట్లాం రోజు తర్వాత తాళాల ఆయన వీధిలో అందరికీ చెప్పాడట. మన పొట్లంలో ఎవరి బట్ట వచ్చినా ఎవరూ తిరిగి కొట్టుకి వెళ్ళొద్దు, నోరు మూసుకుని ఇక్కడికి తెచ్చి మార్చుకుందాం అని. అప్పటి నుంచి పొట్లాలు ఇచ్చే రోజున అందరూ ఇక్కడ చేరుతున్నారు. తప్పులు తగ్గాయా అని అడిగాను, నాకు కావలసింది అదే. మాస్టారు గొంతు సవరించుకుని, తగ్గలేదమ్మా, పెరిగాయి అన్నాడు. ఒకసారి మార్చుకోవడం కుదరక ఆయన తాళాల ఆయన చొక్కా వేసుకుని పాత విద్యార్థుల సభకి వెళ్ళాడట. దండ వేస్తుంటే చేతులు ఎత్తి దణ్ణం పెట్టబోయి, బొడ్డు బయటపడుతుందని నడుం దగ్గరే దణ్ణం పెట్టాడట. పొగరెక్కింది మాస్టారికి అనుకున్నారట అందరూ.

నేను నవ్వాను. పొట్ట పట్టుకుని నవ్వాను. తాళాల ఆయన మాత్రం నవ్వలేదు.

"దుప్పట్ల కింద వదిన పాదాలు చూశాను పెద్దమ్మా," అన్నాడు. "ఆ రోజు అంతమందిలో నేను ఆ జోకు వేయకుండా ఉండాల్సింది."

వేడి రొట్టె చంకలో పెట్టుకుని వీధి దాటి వస్తున్నాను. ఎంత మంచివాళ్ళు అనుకుంటూనే ఉన్నాను. సగం దూరం వచ్చాక కాళ్ళు ఆగిపోయాయి. అంటే ఆ పొడి ఏమీ చేయడం లేదు. చేయకపోతే పోనీ. కానీ చేస్తోందని నమ్మి ఆ పిల్ల రోజూ మింగుతోంది, ఆసుపత్రిలో దాస్తోంది. ఈ మధ్య దాని మోచేతి పైన ఒక నల్లటి మచ్చ చూశాను, సూది గుచ్చని చోట. అరకి తగిలింది అంది. ఇంకో రోజు పళ్ళు తోముకున్నాక తొట్టిలో నీళ్ళు గులాబీ రంగుగా ఉన్నాయి. నా కంటికి నీలమూ నలుపూ తేడా తెలియకపోవచ్చు, ఎరుపు తెలుస్తుంది. అది ఈ పొడి వల్లో, కీమో వల్లో, నిజంగా అర వల్లో నాకేం తెలుసు. తెలిసినవాళ్ళకి చెప్పాలి. చెప్పాలంటే పొడి సంగతి బయటపెట్టాలి. పొడి పనిచేస్తోందని నమ్మినంత కాలం కోడలు బయటపెట్టదు.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. నిజం చెబితే అన్న మాట ప్రకారం బల్ల దగ్గర నుంచి లేచిపోతుంది. చెప్పకపోతే ఆ మచ్చలు ఎంతవరకు పోతాయో. డబ్బా నేనే పట్టుకెళ్ళి ఆసుపత్రిలో పెట్టేద్దామా అనుకున్నాను. కానీ తల దానిది. దాని తలలో ఏం జరుగుతోందో వీధి వీధంతటికీ తెలిసి, దానికి ఒక్కదానికే తెలియకపోవడం ఏం మర్యాద? మంచితనంతోనైనా సరే.

మళ్ళీ పొట్లాలు ఇచ్చే రోజు వచ్చింది. అందరూ తీసుకెళ్ళాక, రొట్టెలు మోయలేకపోతున్నాను తోడు రావే అన్నాను కోడలితో. వచ్చింది. ముందు గదిలో ఆగబోతే చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళాను.

అదే బల్ల, అవే బట్టలు. మాస్టారి చేతిలో తాళాల ఆయన పంట్లాం, ఆయన చేతిలో ఈయనది. కోడలు గుమ్మంలో నిలబడింది. బట్టీలో మంట చప్పుడు ఒకటే. నేను దాని మొహం వైపు చూడలేకపోయాను, పాదాలే చూశాను. పారిపోతుందేమో అని.

పాదాలు ముందుకు కదిలాయి. బల్ల దగ్గరికి వెళ్ళి ఒక చొక్కా తీసుకుంది. పిండి దులిపింది.

"ఎప్పటి నుంచి?" అని అడిగింది. ఏడుపు గొంతు కాదు. నేను పొడి గురించి అడిగేటప్పుడు నాకెలాంటి గొంతు వస్తుందో అలాంటి గొంతు. పంట్లాం రోజు నుంచి అని చెప్పాడు తాళాల ఆయన. అన్నీ తప్పులేనా, కొన్నేనా అని అడిగింది. సగం దాకా అన్నాడు మాస్టారు, ఆయన లెక్కల మనిషి కాబట్టి ఎక్కువ తక్కువలు చెప్పలేడు.

అప్పుడు కోడలు అక్కడే బట్టలు ఒక్కొక్కటే తీసి చూడటం మొదలుపెట్టింది. కాలరు తిప్పి, ఇది మీది కదా అని ఇస్తోంది. కొన్ని సరిగ్గా వచ్చాయి. ఒక బనియను మాస్టారికి ఇస్తే ఆయన తీసుకుని, అవును తల్లీ నాదే అన్నాడు. ఆ బనియనులో ఆయన ఒక చెయ్యి మాత్రమే పడుతుంది. కోడలు ఆయన వంక చూసింది.

"తప్పైతే తప్పని చెప్పండి మాస్టారూ. మీరు లెక్క తప్పు చేసిన పిల్లవాడికి కరెక్టు అని మార్కు వేస్తారా? తప్పు చెప్పకపోతే నేను బాగున్నానో లేదో నాకెలా తెలుస్తుంది?"

మాస్టారు బనియను తిరిగి బల్ల మీద పెట్టాడు. నాది కాదు తల్లీ అన్నాడు. రొట్టెలావిడ కొంగుతో ముక్కు తుడుచుకుని, పొగ, పొగ అంది. పొగ ఏమీ లేదు.

ఇంటికి వచ్చాక కోడలు నేరుగా మెట్లెక్కి పైకి వెళ్ళిపోయింది. సాయంత్రం స్నానాల గదిలోంచి పిలిచి, చొక్కా చెయ్యి పైకి తీసి ఆ నల్ల మచ్చ చూపించింది. పక్కన ఇంకోటి ఉంది, నేను చూడనిది. అరకి తగల్లేదు అత్తయ్యా అంది. మర్నాడు పొద్దున్నే డబ్బా తనే సంచిలో పెట్టుకుంది.

ఆసుపత్రిలో మందులు తయారుచేసి పంపే గదిలో ఒక అమ్మాయి ఉంటుంది, కళ్ళద్దాలు ముక్కు చివరికి జారి ఉంటాయి ఎప్పుడూ. మమ్మల్ని ఆమె దగ్గరికి పంపారు. తిడుతుందేమో అనుకున్నాం. తిట్టలేదు. డబ్బా అటూ ఇటూ తిప్పి చదివి, సరిగ్గా నేను ఆగిన చోటే ఆగింది. ఇతర ఆకులు అంటే ఏవి అని అడిగింది. నేను కోడలి వైపు గర్వంగా చూశాను.

ఆమె చెప్పింది నాకు అర్థమైనంత వరకు ఇది. ఇలాంటి పొడుల్లో కలిపే ఆకుల్లో కొన్ని రక్తాన్ని పలచన చేయగలవు. కీమో వల్ల రక్తాన్ని గడ్డకట్టించే కణాలు ముందే తగ్గుతాయి. రెండూ కలిస్తే చిన్న దెబ్బకి మచ్చ, పళ్ళు తోమితే రక్తం. కొన్ని ఆకులు ఎక్కించే మందు బలాన్ని ఎక్కువో తక్కువో చేయవచ్చు కూడా. ఈ డబ్బాలో ఏముందో తెలియదు కాబట్టి ఈ మచ్చలు దీనివల్లే అని తను చెప్పలేదు, కాదనీ చెప్పలేదు. "ఆకు కాబట్టి మందు కాదు అనుకోకండి. మేలు చేసే గుణం ఉందంటే కీడు చేసే గుణం కూడా ఉండొచ్చు," అంది. రక్తం తీసి పరీక్ష చేస్తే ఆ కణాలు బాగా తగ్గి ఉన్నాయి. ఆ రోజు ఎక్కించాల్సిన మందు డాక్టరు వాయిదా వేశాడు.

మరి మతిమరుపు సంగతి? అది నేనే అడిగాను. ఈ మందు తీసుకునేవాళ్ళలో చాలామందికి ఈ మబ్బు వస్తుందట. మూలికల మీద పరీక్షలు చేస్తున్నారట గానీ, ఇది వేసుకుంటే తగ్గుతుందని ఘంటాపథంగా చెప్పే రుజువు ఇంకా రాలేదట. ఎక్కువమందికి వైద్యం అయిపోయాక మెల్లగా తేలిపోతుంది, కొందరికి ఆలస్యమవుతుంది. ఒకసారికి ఒకే పని చేయండి, కాస్త నడవండి, నిద్రపోండి, గుర్తులు పెట్టుకోండి, అందులో సిగ్గు లేదు అంది. ఇంకేదైనా వాడాలనిపిస్తే ముందు ఇక్కడికి తెచ్చి చూపించండి అంది.

కోడలు లేవబోతూ మళ్ళీ కూర్చుంది. "ఆ పొడి వేసుకున్నప్పుడు నాకు నిజంగా తల తేలిగ్గా అనిపించింది. అది అబద్ధమేనా?"

ఆ అమ్మాయి కళ్ళద్దాలు పైకి తోసుకుంది. అబద్ధం ఎందుకవుతుంది, నా తప్పులు ఎవరూ చూపించకపోతే నా తల కూడా తేలిగ్గానే ఉంటుంది అంది. నాకెందుకో మా చెల్లెలు గుర్తొచ్చింది.

చెల్లెలు వచ్చినప్పుడు జరిగింది చెప్పాం. కాసేపు మూతి ముడుచుకుంది. తర్వాత, మీకు వద్దంటే మిగతా డబ్బాలు నేనే వేసుకుంటాను, నాకు ఈ మధ్య మతిమరుపు ఎక్కువగా ఉంది అంది. టీ తాగి వెళ్ళిపోయింది. డబ్బాలు మర్చిపోయింది. అవి ఇప్పటికీ అటక మీద ఉన్నాయి. ఆ ఇతర ఆకులు ఏవో నాకు ఇప్పటికీ తెలియలేదు. కనిపించినప్పుడల్లా మూత తీసి వాసన చూస్తూ ఉంటాను. వాసన మాత్రమే.

బల్ల సంగతి కోడలు ఏమీ తేల్చలేదు. లేస్తుందా, ఉంటుందా అని నేను అడగలేదు, మా అబ్బాయీ అడగలేదు. ఒక మధ్యాహ్నం నా గుండీల డబ్బా తీసుకొచ్చి నా ఒళ్ళో పెట్టింది. ఒక్కొక్కరికి ఒక్కో రకం గుండీ, బట్ట లోపలివైపు, చేతికి తగిలేలా కుట్టమంది. మాస్టారికి పలకల గుండీ, తాళాల ఆయనకి ఇత్తడిది. మామయ్య గారు ఉంటే ఒప్పుకునేవారా అని అడిగింది. ఆయన కళ్ళద్దాలు పోగొట్టుకున్న రోజున మాస్టారిని తాళాల ఆయన అనుకుని పలకరించాడే అని చెప్పాను. అది నిజమే. ఆ రోజు మాస్టారు ఏ చొక్కా వేసుకున్నాడో కూడా చెప్పాను.

కొత్త పద్ధతి కూడా తనే పెట్టింది. పొట్లం కట్టే ముందు బట్ట బల్ల మీద విప్పుతుంది. గుండీ తడమకుండా ముందు తనే చెబుతుంది, ఇది ఫలానావారిది అని. వచ్చినవాళ్ళు అవునో కాదో పైకి చెప్పాలి. చెప్పాకే లోపలి గుండీ తడిమి చూసుకుంటుంది. తల ఎక్కడిదాకా వచ్చిందో చూసుకోవద్దా అత్తయ్యా అంది. ఇంత ఆరా తీసే గుణం దీనికి ఎక్కడి నుంచి వచ్చిందో అనుకున్నాను.

మొదటి రోజు ముందుగా వచ్చింది తాళాల ఆయనే. కొట్టు నిండా జనం. కోడలు అరలోంచి ఒక పంట్లాం తీసి బల్ల మీద పరిచింది. అంచులు రెండూ బల్ల దిగి నేలని తాకాయి. అది నడుం పట్టీ వేళ్ళతో రాసి చూసి, కాసేపు కళ్ళు మూసుకుని, "ఇది మీదే," అంది.

తాళాల ఆయన పంట్లాం వైపు చూశాడు. నేలని తాకిన అంచుల వైపు చూశాడు. నాదే వదినా అన్నాడు.

కోడలు చేతులు కట్టుకుంది. అయితే ఇక్కడే వేసుకుని నాలుగడుగులు నడిచి చూపించండి అంది.

ఎవరో కిసుక్కుమన్నారు. ఆయన నా వైపు చూశాడు. నేను సూదిలో దారం ఎక్కిస్తున్నట్టు తలొంచుకున్నాను. దారం ఎప్పుడో ఎక్కింది. ఆయన టోపీ తీసి, మళ్ళీ పెట్టుకుని, చివరికి అన్నాడు.

"కాదు వదినా. మాస్టారిది."

కోడలు లోపలి పలకల గుండీని బొటనవేలితో తడిమింది. ఔను అన్నట్టు తలూపింది. ఆ పంట్లాం మడతపెట్టి పక్కన పెట్టి, "ఆగండి, మీవి ఇంకోసారి చెబుతాను," అని మళ్ళీ అరల వైపు తిరిగింది.